మందుబిళ్ళ వెనుక నురగ: పొడి గుళికలుగా మారే తీరు



"బి.ఫార్మసీ చదివితే చివరికి మందుల షాపేగా అండీ?" అని చాలామంది తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. మందుల షాపు గౌరవమైన వృత్తే. అయితే ఈ చదువుకు అవతల ఒక పెద్ద కర్మాగారం కూడా ఉంది. నేను పనిచేసేది ట్యాబ్లెట్ల తయారీ విభాగంలో. మా పని గురించి పైపైన పది సంగతులు చెప్పడం కంటే, ఒక్క చిన్న సంగతి తీసుకుని కాస్త లోతుగా చెబితే, తరగతిలో నేర్చుకునే భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం ఎక్కడ పనికొస్తాయో పిల్లలకు తెలుస్తుందని నా ఉద్దేశం. ఆ చిన్న సంగతి ఏమిటంటే, మందు పొడిని తడపడం. అందులోనూ నీళ్ళతో కాకుండా నురగతో తడపడం.

వినడానికి ఇది చిన్న విషయమే. కానీ అవ్వ వేసుకునే గుండె బిళ్ళలోనూ, అమ్మ వేసుకునే థైరాయిడ్ బిళ్ళలోనూ ప్రతిరోజూ ఒకే మోతాదు మందు ఉండటం చాలావరకు ఈ తడిపే పని మీద ఆధారపడి ఉంటుంది.

బిళ్ళలో మందు ఎంత?

మనం మింగే బిళ్ళంతా మందే అనుకుంటాం. 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్ళలో నిజంగానే ఎక్కువ భాగం మందు ఉంటుంది. కానీ థైరాయిడ్‌కు వాడే థైరాక్సిన్ బిళ్ళ సంగతి వేరు. 50 మైక్రోగ్రాముల బిళ్ళ అంటే ఒక మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు. లెక్క కోసం బిళ్ళ మొత్తం బరువు 100 మిల్లీగ్రాములు అనుకుందాం. అప్పుడు 2000 పాళ్ళలో ఒక పాలు మాత్రమే మందు. మిగిలినదంతా లాక్టోజ్, సెల్యులోజ్, పిండిపదార్థం వంటి ఆధార పొడులు.

ఇదే లెక్కను కర్మాగారానికి తీసుకుపోదాం. పది లక్షల బిళ్ళలు చేయాలంటే మొత్తం పొడి 100 కిలోలు. అందులో అసలు మందు 50 గ్రాములు. అంటే నాలుగు పాతిక కిలోల బియ్యం బస్తాల్లో ఒక చిన్న గుప్పెడు ఉప్పు కలిపి, ఏ చెంచాడు బియ్యం తీసినా అందులో ఉప్పు సమానంగా ఉండేలా చూడాలన్నమాట. గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ బిళ్ళలో మందు 0.25 మిల్లీగ్రాములే. దానికి పనిచేసే మోతాదుకూ, హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఒక బిళ్ళలో తక్కువ, ఇంకో బిళ్ళలో ఎక్కువ ఉంటే రోగి ప్రాణానికే ప్రమాదం.

చిన్న మోతాదు మందుల్లో ఫోలిక్ యాసిడ్ కూడా ఒకటి. 5 మిల్లీగ్రాముల బిళ్ళలు మన ఊళ్ళలో గర్భిణులకు బాగా తెలుసు. 1940లలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి మార్గదర్శకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ఆయన 1922లో అమెరికా వెళ్ళడానికి మామగారితో పాటు కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కూడా చేయూతనిచ్చింది. ఉపకార వేతనం ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

ఇండియన్ ఫార్మకోపియా ప్రకారం, బిళ్ళలో మందు 10 మిల్లీగ్రాముల కంటే గానీ, బిళ్ళ బరువులో 10 శాతం కంటే గానీ తక్కువ ఉంటే, పది బిళ్ళలను ఒక్కొక్కటిగా పరీక్షించాలి. ఒక్కొక్క దానిలో మందు సగటులో 85 నుంచి 115 శాతం లోపల ఉందా లేదా చూస్తారు. సగటు బాగుంటే సరిపోదు, ప్రతి బిళ్ళా బాగుండాలి. ఎందుకంటే రోగి మింగేది సగటును కాదు, ఒక్క బిళ్ళను.

పొడిని గుళికలుగా ఎందుకు చేయాలి?

పొడులన్నీ కలిపేసి నేరుగా అచ్చులో నొక్కేస్తే పోదా? కొన్ని మందులకు అలాగే చేస్తారు. కానీ చాలా పొడులకు అది కుదరదు.

వంటింట్లోకి వెళ్ళి ఒక గరాటులో మైదా పోయండి. కదలకుండా అడ్డుపడుతుంది. అదే గరాటులో ఉప్మా రవ్వ పోయండి. జారిపోతుంది. బిళ్ళలు కొట్టే యంత్రం గంటకు లక్షకు పైగా బిళ్ళలు కొట్టగలదు. అందులోని ప్రతి అచ్చు గుంటలో పొడి కొలత పాత్రలో నిండినట్టు నిండుతుంది. యంత్రం తూకం వేయదు. పొడి సరిగా జారకపోతే ఒక గుంట నిండుతుంది, ఇంకొకటి సగమే నిండుతుంది.

రెండో ఇబ్బంది, వేరుపడటం. చిన్న రేణువులు, పెద్ద రేణువులు కలిపి కుదిపితే చిన్నవి అడుగుకు చేరతాయి. అటుకుల మిక్చర్ డబ్బాలో కారప్పొడి ఎప్పుడూ అడుగునే ఉంటుంది కదా, అలాగే. మూడోది, కొన్ని మందులు ఎంత నొక్కినా గట్టిగా పట్టుకోవు. పారాసిటమాల్ అటువంటిదే. దానికి అంటించే పదార్థం తోడు కావాలి.

ఈ మూడు ఇబ్బందులకూ మందు పొడిని రవ్వలాంటి గుళికలుగా మార్చడమే విరుగుడు. మా భాషలో వీటిని గ్రాన్యూల్స్ అంటాం. పొలంలో చల్లే గుళికల మందు చూసినవారికి ఈ రూపం తెలిసినదే. ఒక్కో గుళికలో మందు, ఆధార పొడి కలిసి అంటుకుని ఉంటాయి కాబట్టి ఇక అవి వేరుపడవు. ఇలా అంటించే పదార్థాన్ని బైండర్ అంటారు. గంజి, పోవిడోన్, హైప్రోమెల్లోజ్ ఎక్కువగా వాడే బైండర్లు. ఇంట్లో సున్నిపిండిని ఉండగా నిలిపే నెయ్యి కూడా ఒక బైండరే.

తడి ఎలా చేరుతుందన్నదే అసలు కీలకం

మామూలు పద్ధతిలో పొడులను ఒక పెద్ద గుండ్రటి స్టీలు పాత్రలో వేస్తారు. దీన్ని మా వాళ్ళు ఆర్.ఎం.జి. అంటారు. అడుగున పెద్ద రెక్కలు పొడిని తిప్పుతాయి, పక్కన చిన్న కత్తి ఉండలను కోస్తుంది. పైనుంచి బైండర్ ద్రవాన్ని పోస్తారు, లేదా తుంపరగా చల్లుతారు. తర్వాత తడి ముద్దను ఆరబెట్టి, జల్లెడ పట్టి, కొద్దిగా మెగ్నీషియం స్టియరేట్ కలిపి బిళ్ళలు కొడతారు.

పాత్ర లోపల మూడు ఘట్టాలు నడుస్తాయి. మొదటిది, ద్రవం తాకిన చోట పొడి తడిసి చిన్న చిన్న మొలకలు ఏర్పడటం. రెండోది, ఆ మొలకలు ఒకదానితో ఒకటి ఢీకొని అంటుకుని పెరగడం, గట్టిపడటం. మూడోది, రెక్కల దెబ్బకు కొన్ని అరిగిపోవడం, విరిగిపోవడం. ఈ మూడూ ఒకేసారి జరుగుతుంటాయి. గుళిక చివరి పరిమాణం ఈ పోటీ ఫలితమే.

మొదటి ఘట్టం మీరు రోజూ చూసేదే. పొద్దున్నే దుమ్ము నేల మీద కళ్ళాపి చల్లినప్పుడు ఒక్కో చుక్క పడిన చోట ఒక్కో మట్టి పూస ఏర్పడుతుంది. చుక్క చిన్నదైతే పూస చిన్నది. చుక్క మీద చుక్క పడితే పూసలు కలిసి బురద అవుతుంది. ఇక చెంబెడు నీళ్ళు ఒకే చోట గుమ్మరిస్తే అక్కడ బురద, పక్కన పొడి దుమ్ము మిగులుతాయి.

మందు పొడిలోనూ ఇంతే. తుంపర చిన్నగా, పలుచగా పడాలి. కింద పొడి వేగంగా కదలాలి. పడిన చుక్క వెంటనే పొడిలోకి ఇంకాలి. ఈ మూడూ కుదిరితే చుక్కకు ఒక మొలక చొప్పున సమానమైన గుళికలు వస్తాయి. చెప్పినంత తేలిక కాదిది. బైండర్ జిగట ద్రవం. తుంపర గొట్టం కొన చిన్నది. అది మూసుకుపోతే తుంపర పోయి ధార పడుతుంది. ఒకసారి నేను చూస్తుండగానే అలా జరిగింది. పాత్ర తెరిస్తే ఒక పక్క నిమ్మకాయలంత ముద్దలు, ఇంకో పక్క పొడి పొడిగానే ఉంది. ఆ బ్యాచ్‌ను పక్కన పెట్టాల్సి వచ్చింది. చిన్న మోతాదు మందులను కొన్నిసార్లు బైండర్ ద్రవంలోనే కరిగించి చేరుస్తారు. అప్పుడు ద్రవం ఎక్కడికి పోతే మందు అక్కడికే పోతుంది. తడి సమానంగా లేకపోతే మోతాదూ సమానంగా ఉండదు.

నురగ ఆలోచన

ఈ చిక్కుకు 2000 దశకం తొలి భాగంలో అమెరికాలోని డౌ కెమికల్ సంస్థ పరిశోధకులు పాల్ షెస్కీ, కోలిన్ కియరీ తదితరులు ఒక కొత్త దారి చూపించారు. బైండర్ ద్రవాన్ని గాలితో కలిపి, గడ్డం గీసుకునే క్రీములాంటి నురగగా మార్చి, ఆ నురగను గొట్టం ద్వారా పొడి మీద వదలడం. తుంపర గొట్టం అక్కర్లేదు కాబట్టి కొన మూసుకుపోయే బాధ లేదు.

నురగ వల్ల లాభం ఏమిటో కొలతతో చూద్దాం. ఒక లీటరు నీళ్ళు పొడి మీద పోస్తే ఒక లీటరు జాగానే తాకుతాయి. అదే లీటరును పది లీటర్ల నురగగా చేస్తే పదింతల జాగాలో పలుచని పొరలుగా పరుచుకుంటుంది. నురగ అంటే గాలి చుట్టూ ఉన్న సన్నని ద్రవ గోడలే కదా. ఆ గోడ పొడిని తాకి పగిలినప్పుడు అక్కడ చేరే ద్రవం చాలా కొద్దిగా ఉంటుంది. చాలా చోట్ల, కొద్ది కొద్దిగా తడి. మనకు కావలసింది అదే. తడి బాగా పరుచుకోవడం వల్ల కొన్ని ఫార్ములాల్లో మొత్తం నీళ్ళు కూడా తక్కువ సరిపోతాయి. నీళ్ళు తగ్గితే ఆరబెట్టే సమయం, కరెంటు ఖర్చు తగ్గుతాయి.

అయితే నురగ అన్నంత మాత్రాన అన్ని నురగలూ ఒకటి కావు. కుంకుడుకాయ నురగ, ఫిల్టర్ కాఫీ నురగ, చిలికిన మజ్జిగ నురగ చూడండి. ఒకటి చేతిలో నిలుస్తుంది, ఒకటి గ్లాసులో కొద్దిసేపు ఉంటుంది, ఒకటి చూస్తుండగానే పోతుంది. గుళికల తీరు ఈ గుణాలను బట్టే మారుతుంది. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒకటి: నురగలో గాలి పాలు

నురగ మొత్తం ఘనపరిమాణంలో గాలి ఎంత శాతమో దాన్ని ఫోమ్ క్వాలిటీ అంటారు. ఇది తొమ్మిదో తరగతి లెక్క. ఒక లీటరు ద్రవంతో 80 శాతం గాలి ఉన్న నురగ చేస్తే మొత్తం 5 లీటర్లు వస్తుంది. 90 శాతమైతే 10 లీటర్లు. 95 శాతమైతే 20 లీటర్లు. 90 నుంచి 95కు పెరగడం చూడ్డానికి ఐదు శాతమే, కానీ నురగ రెట్టింపైంది.

గాలి తక్కువున్నది తడి నురగ. దాని గోడలు మందం. పొడి మీద పెట్టగానే ద్రవం కిందికి కారి ఒకే చోట ఇంకుతుంది. అంటే దాదాపు నీళ్ళు పోసినట్టే. అక్కడ పెద్ద ఉండలు, మిగతా చోట పొడి. గాలి ఎక్కువున్నది పొడి నురగ. ఇది పొడి మీద తేలికగా నిలుస్తుంది. రెక్కలు దాన్ని లాగి, చీల్చి, పొడంతటా పూస్తాయి. మొలకలు చిన్నవిగా, ఎక్కువ సమానంగా వస్తాయి. అలాగని గాలి ఎంత ఎక్కువైతే అంత మంచిదని కాదు. 20 లీటర్ల నురగకు పాత్రలో చోటుండాలి, దాన్ని చీల్చగల కదలిక ఉండాలి. కదలిక మందంగా ఉంటే నురగ పొడి మీద మేఘంలా తేలుతూ ఉండిపోతుంది.

రెండు: నిలకడ

ఏ నురగైనా మూడు కారణాల వల్ల పాడవుతుంది. భూమ్యాకర్షణకు గోడల్లోని ద్రవం కిందికి కారుతుంది. గోడలు పలుచబడి బుడగలు పగులుతాయి. చిన్న బుడగల్లోని గాలి పెద్ద బుడగల్లోకి పోతుంది. ఈ మూడోది కాస్త వింతగా ఉంటుంది కానీ పదకొండో తరగతి భౌతికశాస్త్రంలో దీని సూత్రం ఉంది. బుడగ వ్యాసార్థం ఎంత తక్కువైతే లోపలి పీడనం అంత ఎక్కువ. కాబట్టి గాలి చిన్నదాని నుంచి పెద్దదానికి ప్రవహిస్తుంది. చిన్నవి మాయమై పెద్దవి మిగులుతాయి.

నిలకడను కొలిచే సులువైన పద్ధతి ఒకటుంది. నురగను కొలగాజులో నింపి, అందులోని ద్రవంలో సగం అడుగుకు దిగడానికి ఎంతసేపు పడుతుందో చూస్తారు. ఆ సమయం పొడిలో నురగ పరుచుకునే సమయం కంటే ఎక్కువ ఉండాలి. పరుచుకోకముందే నురగ కూలిపోతే చివరికి మనం పోసింది ద్రవమే అవుతుంది.

మూడు: చిక్కదనం, తలతన్యత

నీటి తలతన్యత, అంటే సర్ఫేస్ టెన్షన్, 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మీటరుకు సుమారు 72 మిల్లీన్యూటన్లు. ఇంత బలంగా తనలో తాను ముడుచుకునే నీళ్ళు ఒంటరిగా నురగను నిలపలేవు. హైప్రోమెల్లోజ్ కలిపితే ఆ బలం బాగా తగ్గుతుంది. పైగా దాని అణువులు బుడగ గోడల మీద చేరి పొరలా కాపలా కాస్తాయి. అందుకే నురగ పద్ధతికి అది బాగా కుదిరింది. పోవిడోన్ నీటి తలతన్యతను అంతగా తగ్గించదు. దాని నురగకు నిలకడ తక్కువ. బైండర్‌గా మంచిదైన ప్రతిదీ నురగగా మంచిది కాదు.

చిక్కదనం, అంటే విస్కాసిటీ, రెండు వైపులా పనిచేస్తుంది. బైండర్ పాళ్ళు పెంచితే ద్రవం చిక్కబడుతుంది. చిక్కటి ద్రవం గోడల నుంచి నెమ్మదిగా కారుతుంది కాబట్టి నురగ నిలుస్తుంది. గుళికల్లో రేణువుల మధ్య వంతెనలూ బలంగా ఉంటాయి. కానీ మరీ చిక్కబడితే గాలిని లోపలికి కొట్టడమే కష్టం. పొడిలోకి ఇంకడమూ ఆలస్యం. తేనెను, నీళ్ళను పిండి మీద పోసి చూస్తే తేడా తెలుస్తుంది.

నాలుగు: బుడగల పరిమాణం

ఒకే గాలి పాలు ఉన్న రెండు నురగల్లో ఒకదాని బుడగలు సన్నగా, ఇంకొకదాని బుడగలు పెద్దగా ఉండవచ్చు. సన్న బుడగల నురగలో గోడలు ఎక్కువ, ద్రవం కదిలే దారులు సన్నం. కాబట్టి అది నెమ్మదిగా కారుతుంది, క్రీములా గట్టిగా నిలుస్తుంది. బుడగల పరిమాణాన్ని గాలి, ద్రవం కలిపే యంత్రంతో, వాటి ప్రవాహ వేగంతో అదుపు చేస్తారు.

నురగ ఒక్కటే చాలదు

ఇక్కడ విద్యార్థులు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన మాట ఉంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయంలో మెల్విన్ టాన్, కారెన్ హాప్‌గుడ్ ఈ విషయం మీద చేసిన పరిశోధనలు 2011 ప్రాంతంలో వెలువడ్డాయి. వారు చెప్పిందాని సారం ఇది. పొడి నెమ్మదిగా కదులుతుంటే గుళికల తీరును నురగ కారే వేగం నిర్ణయిస్తుంది. తడి నురగా, పొడి నురగా అన్న తేడా అప్పుడు స్పష్టంగా కనబడుతుంది. పొడి వేగంగా, తాడు పేనినట్టు సుళ్ళు తిరుగుతుంటే ఆ యాంత్రిక బలమే నురగను చీల్చి పరుస్తుంది. అప్పుడు నురగ గుణం ప్రభావం తగ్గిపోతుంది.

అంటే "మంచి నురగ ఏది?" అన్న ప్రశ్నకు ఒంటరిగా జవాబు లేదు. ఏ పొడికి, ఏ యంత్రంలో, ఎంత వేగం మీద అన్నవి కూడా చెప్పాలి. పొడి స్వభావమూ లెక్కలోకి వస్తుంది. లాక్టోజ్ నీటిని ఇట్టే పీల్చుకుంటుంది. నీటికి తడవని మందు పొడి మీద ద్రవం తామరాకు మీద నీటిబొట్టులా నిలబడుతుంది. తేమ తగిలితే చెడిపోయే మందులకు నురగైనా, తుంపరైనా నీటి పద్ధతే పనికిరాదు.

గుళిక మారితే బిళ్ళ ఏమవుతుంది?

తడి తక్కువైతే గుళికలు బలహీనంగా ఉండి పొడి ఎక్కువ మిగులుతుంది. బిళ్ళల బరువు తేడాలొస్తాయి, కొన్ని బిళ్ళలు పైపెచ్చు ఊడినట్టు విడిపోతాయి. తడి ఎక్కువైతే గుళికలు గులకరాళ్ళలా గట్టిపడతాయి. అటువంటి బిళ్ళ కడుపులో ఆలస్యంగా కరుగుతుంది. మందు పూర్తి మోతాదులో ఉన్నా రక్తంలోకి సమయానికి చేరదు. నొప్పి బిళ్ళ వేసుకుని రెండు గంటలైనా తగ్గలేదంటే రోగికి అది మందు లేనట్టే.

తడి సరిపోయిందని ఎలా తెలుస్తుంది? రెక్కలు తిప్పే మోటారు లాగే కరెంటును ఆంపియర్లలో చూస్తాం. దానితో పాటు అనుభవజ్ఞులైన ఆపరేటర్లు గుప్పెడు పొడి తీసి నొక్కి చూస్తారు. నొక్కితే ముద్ద కట్టాలి, విరిస్తే పొడిపొడిగా విడిపోవాలి. పిట్టు కోసం బియ్యప్పిండి తడిపే మన ఇళ్ళ ఆడవాళ్ళకు ఈ పరీక్ష తరతరాలుగా తెలుసు. తేడా అల్లా, కర్మాగారంలో దాన్ని అంకెలతో రాసి, ప్రతి బ్యాచ్‌లోనూ మళ్ళీ అలాగే రాబట్టాలి.

ఇప్పుడు పరిశ్రమ మరో మెట్టు ఎక్కుతోంది. ఒక్కో బ్యాచ్‌గా కాకుండా, ఒక వైపు పొడి పోస్తుంటే ఇంకో వైపు గుళికలు నిరంతరంగా వచ్చే జంట మరల యంత్రాలు వాడుకలోకి వచ్చాయి. ఆ యంత్రంలోకి బైండర్‌ను నురగగా పంపడం మీద కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ థాంప్సన్ బృందం పరిశోధనలు చేసింది. మన పిల్లలు ఉద్యోగాల్లో చేరేసరికి ఈ యంత్రాల ముందు నిలబడవలసి రావచ్చు.

ఇంట్లో చేసి చూడండి

ఒక గ్లాసు నీటిలో కొద్దిగా షాంపూ కలపండి. రెండు పళ్ళాల్లో సమానంగా మైదా పరచండి. మొదటి పళ్ళెంలో రెండు చెంచాల షాంపూ నీళ్ళు అలాగే పోయండి. మరో రెండు చెంచాలు ఒక మూత ఉన్న సీసాలో పోసి బాగా గిలకొట్టి, వచ్చిన నురగను, అడుగున మిగిలిన నీటితో సహా, రెండో పళ్ళెం మీద పరచండి. రెండింటినీ ఫోర్కుతో సరిగ్గా ఇరవై సార్లు కలపండి. తర్వాత టీ వడపోత జల్లెడలో జల్లించి, పైన మిగిలిన ఉండలను పరిమాణం వారీగా లెక్కపెట్టండి. ఆ పిండిని తినకూడదు సుమా.

మొదటి పళ్ళెంలో మంచినీళ్ళు ఎందుకు పోయలేదో ఆలోచించండి. షాంపూ వల్ల తడిసే గుణమే మారుతుంది. అప్పుడు తేడా నురగ వల్ల వచ్చిందా, షాంపూ వల్ల వచ్చిందా తేలదు. ఒక్కటి మాత్రమే మార్చి మిగతావన్నీ అలాగే ఉంచడమే ప్రయోగం. తర్వాత ఇరవై సార్లకు బదులు అరవై సార్లు కలిపి మళ్ళీ చూడండి. బలంగా, ఎక్కువసేపు కలిపినప్పుడు రెండు పళ్ళాల మధ్య తేడా తగ్గుతుందేమో గమనించండి. అది మోనాష్ పరిశోధకుల ప్రశ్నే. పాఠశాల సైన్సు ప్రదర్శనకు ఇంతకంటే తక్కువ ఖర్చులో ప్రాజెక్టు దొరకదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు

పదకొండు, పన్నెండు తరగతుల్లో తలతన్యత, స్నిగ్ధత, కేశనాళికీయత అనే పాఠాలు "పరీక్షలో రెండు మార్కులవి" అని వదిలేసే పిల్లలు ఎందరో ఉన్నారు. పైన చెప్పినదంతా ఆ మూడు పాఠాలే. పిల్లవాడు కన్నడంలో చదివినా, తమిళంలో, ఒడియాలో, మరాఠీలో చదివినా నీటిబొట్టు స్వభావం మారదు. ఇంట్లో తెలుగులో అర్థం చేయించగలిగితే బడిలో ఏ భాషలోనైనా రాయగలరు.

ఫార్మసీలో చేర్చేటప్పుడు ఆ కళాశాలకు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఉందో లేదో ముందుగా చూసుకోండి. అది లేకపోతే పట్టా చేతికొచ్చినా ఫార్మసిస్టుగా నమోదు కావడం కష్టం. డి.ఫార్మసీ రెండేళ్ళు, బి.ఫార్మసీ నాలుగేళ్ళు. కర్ణాటకలో కె.సి.ఇ.టి., మహారాష్ట్రలో ఎం.హెచ్.టి. సి.ఇ.టి., ఒడిశాలో ఓ.జె.ఇ.ఇ., యానాం వారికి పుదుచ్చేరి సెంటాక్ ద్వారా బి.ఫార్మసీ ప్రవేశాలు జరుగుతాయి. తమిళనాడులో ప్లస్ టూ మార్కులు ముఖ్యం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి ఆ సంవత్సరపు ప్రకటన తప్పక చదవండి. ఎం.ఫార్మసీ చేయదలచినవారు జి.ప్యాట్ పరీక్షకు సిద్ధం కావాలి.

కళాశాలను చూడటానికి వెళ్ళినప్పుడు భవనాలు, బస్సులు చూసి తిరిగి రాకండి. ఫార్మాస్యూటిక్స్ ప్రయోగశాల తలుపు తీయించండి. బిళ్ళలు కొట్టే చిన్న యంత్రం, మందు కరిగే వేగం కొలిచే పరికరం ఉన్నాయా, వాటిని విద్యార్థులు నిజంగా చేత్తో ముట్టుకుంటున్నారా అని అక్కడి పిల్లలనే అడగండి. దుమ్ము పట్టిన యంత్రం ఉన్న కళాశాల కంటే, పాతదైనా రోజూ తిరిగే యంత్రం ఉన్న కళాశాల మేలు. గుప్పిట్లో తడి పొడి నొక్కి చూసిన అమ్మాయికి, అబ్బాయికి మా విభాగంలో పని నేర్పడం సులువు.